ఎవరి కారం వాళ్ళకే

మారని వ్యాపారం మట్టిలో కలిసిపోతుందని మాకు చెప్పడానికి హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. చెప్పడానికి వచ్చినాయన కోటు వేసుకున్నాడు. శివరాత్రి దాటి ఎండలు మొదలైన వరంగల్‌లో కోటు వేసుకుని తిరిగే మనిషికి మన బాగోగులు ఎంత తెలుస్తాయో నాకు గుమ్మంలోనే అర్థమైంది. పొద్దున్నే లేచి ఒక్కనాడు దుకాణం షట్టరు ఎత్తిన పాపాన పోలేదు గానీ, రోజూ ఎత్తేవాళ్ళందరికీ వ్యాపారం ఎట్లా చెయ్యాలో సమోసాలు చల్లారేదాకా చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. దర్జీలు, చెప్పుల దుకాణంవాళ్ళు, సకినాలు చేసి అమ్మే ఆడవాళ్ళు అందరూ తలలూపారు. అర్థం కానివాళ్ళు ఇంకా గట్టిగా ఊపారు.

ముందు వరసలో కూర్చుని తెర మీద పడిన ప్రతి ముక్కకూ ఫోటో తీసుకున్నవాడు మా అక్క మరిది. అతని పక్కన అక్క, అక్క పక్కన నేను.

"వదినె, చూసినవా? దునియా యాడికి పోయింది, మనం యాడున్నం?" అన్నాడు బయటికి వచ్చాక.

"దునియా యాడికి పోయినా పిండి తినే గదరా బతికేది" అంది అక్క.

అక్కది కరీమాబాద్‌లో గిర్ని. బావ పెట్టింది. ఒక మిషన్ పిండికి, ఒక మిషన్ కారానికి. బావ పోయాక అక్కే నడుపుతోంది. మిషన్లు అక్కవే గానీ అవి ఉన్న దుకాణం గది, ఆ మడిగె మాత్రం బావకూ ఈ మరిదికీ ఉమ్మడిది. మడిగె వెనక ఉన్న గదిలోనే అక్క వండుకుంటుంది, నమాజు చేసుకుంటుంది, పడుకుంటుంది. పిల్లలు లేరు. నా మొగుడిది రైల్వే ఉద్యోగం, మాది కాజీపేట. మిరపకాయల రోజుల్లో నేను రోజూ ఆటో ఎక్కి వెళ్ళి అక్కకు సాయం చేసేదాన్ని. సాయం అంటే ఎక్కువగా వచ్చినవాళ్ళ మీద నోరు చేసుకోవడం. అక్కకు నోరు లేదు. ఆ లోటు దేవుడు నాతో పూడ్చాడు.

గిర్నికి వచ్చే ఆడవాళ్ళ సంగతి చెప్పాలి. మా దగ్గర ఎవరూ సంచి ఇచ్చి వెళ్ళిపోరు. తన మిరపకాయలు మిషన్లో పడేదాకా, తన కారం తన డబ్బాలోకి దిగేదాకా ఎదురుగా కూర్చోవాల్సిందే. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళ నిండా నీళ్ళతో, తుమ్ముతూ కాపలా కాస్తారు. ఇంట్లో చంటిపిల్ల ఏడుస్తోందని కబురొచ్చినా లేవరు. వంతు రాగానే అందరి మాటా ఒకటే: "ముందు పట్టినామెది రాళ్లల్ల ఉంటది, ఒక్క పిడికెడు పక్కకు తియ్యి." చివర్లో కారం దిగే గుడ్డ గొట్టాన్ని పట్టుకుని చివరి రవ్వ రాలేదాకా బాదుతారు. ముందామెది తనకు వద్దు, తనది తర్వాతామెకు దక్కకూడదు. అందరూ ఒకరినొకరు "అక్కా", "చెల్లె" అనుకునేది మాత్రం ఆ బల్ల మీద కూర్చునే.

ఆ కాపలా కూడా తగ్గుతూ వచ్చింది. ప్యాకెట్లలో పిండి వచ్చింది. ఇంట్లో పెట్టుకునే చిన్న గిర్నీలు వచ్చాయి. ఫ్రిజ్ పక్కన దర్జాగా నిలబడి, చుట్టాలు వచ్చినప్పుడు చూపించడానికి తప్ప అవి దేనికీ పనికిరావని నేనంటాను. కానీ అవి వచ్చాకే మాకు గోధుమలు, జొన్నలు తగ్గాయి. మిగిలింది కారం. ఎంత గొప్ప ఇంట్లోనైనా కారం పట్టారంటే తుమ్ములతో ఇల్లు ఖాళీ చెయ్యాలి. కాబట్టి ఏడాదికోసారి, మామిడికాయ తొక్కు పెట్టే ముందు, మా అక్క అందరికీ గుర్తొచ్చేది.

ఫంక్షన్ హాలు నుంచి వచ్చిన మర్నాడే మరిది తేల్చి చెప్పాడు.

"వదినె, ఈ ఒక్క సీజన్ చూస్త. గిరాకీ లేకపోతే మడిగె కిరాయికిస్త. సెల్‌ఫోన్ కవర్ల దుకాణమాయన అడుగుతాండు. నువ్వేం ఫికర్ చెయ్యకు, మా ఇంట్ల ఓ మంచమేస్త."

మరిది భార్యను నేను ఎరుగుదును. ఆమె ఇంట్లో మంచం అంటే ఆమె అంట్ల పక్కన మంచం. ఆ రోజు గిరాకీ లేకపోయినా అక్క మిషన్లు రెండూ తుడిచి, గుడ్డ గొట్టాలు ఉతికి ఆరేసింది.

ఇక మరిది రంగంలోకి దిగాడు. ఫోన్‌లో గ్రూపు పెట్టాడు. "మీ ఇంటి కారం మీ ఇంటికే" అని ఎర్రటి అక్షరాలతో బొమ్మ తయారుచేయించి అందులో ఇంత పెద్ద మిరపకాయ పెట్టాడు. మిరపకాయ పక్కన మిరపకాయంత మీసంతో తన ఫోటో. మీ ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగుతుంది, సంచి ఇవ్వండి, మర్నాడు కారం తీసుకోండి. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఒక్క సంచి రాకముందే హైదరాబాదులో బ్రాంచి పెడతానన్నాడు. నేను నవ్వాను.

నా నవ్వు నాకే తిరిగొచ్చింది. సంచులు వచ్చాయి. ఎంత వచ్చాయంటే బల్ల తీసేసి అక్కడ కూడా సంచులు పేర్చాం. హన్మకొండ అపార్టుమెంట్ల నుంచి, కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి, మా గిర్ని ఏ దిక్కున ఉంటుందో తెలియనివాళ్ళ దగ్గర్నుంచి వచ్చాయి. కళ్ళ ముందు పట్టకపోతే ప్రాణం పోయినట్టు చేసిన మహాతల్లులు, ఇంటికే వచ్చి తీసుకుపోతామనగానే ఐదో అంతస్తు నుంచి లిఫ్టులో సంచి దింపి ఆ కళ్ళను టీవీకి అప్పగించారు. ఇన్నేళ్ళూ ఆ కాపలా నమ్మకం లేక అనుకున్నాను. వేరే పనిలేక అని అప్పుడు తెలిసింది.

అక్క మాత్రం పద్ధతి మార్చలేదు. ఒక్కో సంచికి ఒక్కో వాయి. మొదటి పిడికెడు పక్కకు. చివర్లో గొట్టం బాదడం. కూర్చుని చూసేవాళ్ళు లేకపోయినా, ఉన్నట్టే పట్టేది.

"ఎవరు చూస్తాన్రు వదినె? ఒక్క సంచికి గింత టైమైతే ఎట్ల? ఆర్డర్లు ఆగుతాన్నయ్" అని మరిది గింజుకునేవాడు.

"వాళ్ల సంచి వాళ్లకు పోవాలె గదరా" అనేది అక్క. అంతకుమించి వాదించేది కాదు.

ఆ రద్దీలోనే పాలకుర్తి దగ్గర ఊళ్ళో మా మేనమామ పోయాడు. మూడోనాటి జియారత్ ప్రార్థనలు అయ్యేదాకా అక్క అక్కడే ఉండాల్సి వచ్చింది. నేను మట్టి చేసిన రోజు వెళ్ళి వెంటనే తిరిగొచ్చాను. గిర్నిలోకి అడుగుపెట్టేసరికి మరిది టార్పాలిన్ పరిచి, సంచులన్నీ విప్పి గుమ్మరించి, పారతో కలుపుతున్నాడు. రంగు కోసం ఎనుమాముల మార్కెట్లో ఏరి కొనుక్కున్న దొడ్డుకాయ, నాలుక మండించే సన్నకాయ, స్టేషన్ ఘన్‌పూర్ చేలోంచి తెచ్చుకున్న సొంత కాయ, చవగ్గా వస్తుందని కొన్న తెల్లమచ్చల తాలుకాయ, అన్నీ ఒకటే ఎర్ర కుప్ప.

"ఏం చేస్తానవ్‌రా?" అన్నాను.

"బ్యాచ్ వదినె, బ్యాచ్. అన్నీ ఒక్కసారే పట్టుడు, ఎవల తూకం వాళ్లకిచ్చుడు. కోటు సారు చెప్పలే? టైమే పెట్టుబడి. మిరపకాయ మిరపకాయే గద."

కలిసిపోయిన కుప్పను విడదీసే మిషన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఉంటే ఆ కోటాయన అమ్మేవాడే. నేను అరిచినంత అరిచి కూర్చున్నాను. కారం ఇళ్ళకు చేరిపోయింది. ఇక తుపాను వస్తుందని గ్రూపు తెరిచి పెట్టుకున్నాను.

తుపాను రాలేదు. పొగడ్తలు వచ్చాయి. ఒకామె తొక్కు కలిపిన గిన్నె ఫోటో పెట్టి "మా కాయ రంగే వేరు" అంది. స్టేషన్ ఘన్‌పూర్ చేనామె గొంతు రికార్డు చేసి పంపింది: "మా సొంత చేను కాయ, మందు కొట్టనిది, నాలుక మీద పెట్టంగనే తెలుస్తది." ఆమె నాలుక మీద పడిన దాంట్లో ముప్పాతిక రైల్వే క్వార్టర్ల కాయ. తాలుకాయ పెట్టినామె కూడా ఊరుకోలేదు, "ఎన్నేండ్ల సంది వాడుతానమో, గిదే టేస్టు" అని రాసింది. నేను వంటింట్లో గోడకు ఆనుకుని ఒక్కదాన్నే నవ్వాను. పిడికెడు పక్కకు తియ్యమన్నవాళ్ళు, గొట్టం బాదినవాళ్ళు, ఎదుటామె రవ్వ తగిలితే మైలపడిపోయేవాళ్ళు, అందరూ అందరి కారమూ లొట్టలేసుకుంటూ తింటున్నారు. వరంగల్‌లో ఇంత సామరస్యం ఎవరూ చూసి ఉండరు.

అక్క తిరిగి రాగానే ఈ తమాషా చెప్పాను. తనూ నవ్వుతుందనుకున్నాను. అక్క మెట్టు మీద అట్లాగే కూలబడింది.

"చెప్పాలె" అంది.

"ఎవలకు?"

"అందరికి."

మరిది పరుగెత్తుకొచ్చాడు. "వదినె, నీకు దండం పెడ్త. ఎవ్వలకు తెల్వది. అందరు మంచిగున్నదనే అంటాన్రు. చెప్తే ఒక్క సంచి రాదు. మడిగె సంగతి ఎరుకే గద నీకు."

ఆ ఒక్కసారి నేను వాడి పక్షమే. "వాళ్లకు నిజమెందుకే? వాళ్ల మొకాలకు అదొక్కటే తక్కువైందా? తిని సల్లగున్నరు, ఊకో" అన్నాను. ఇప్పటికీ నాది అదే మాట. నిజం అనేది విలువ తెలిసినవాళ్ళకు చెప్పాలి. తన కాయ రుచి తనకే తెలియనివాళ్ళకు చెప్పి ఏం లాభం?

"గిర్ని పోతే నువ్వు యాడుంటవే?" అని కూడా అడిగాను.

అక్క మిషన్ వైపు చూసింది. "రేపు ఎవలన్న వచ్చి, మా కాయ మంచిగ పట్టినవ్ అని నా మొకం మీద అంటే, ఊ అనాల్నా నేను? ఊ అనుకుంట ఈడ కూసునుడు నాతోని గాదు" అంది. మరిది చేతిలోంచి ఫోను తీసుకుంది. గొంతు పంపడానికి ఎక్కడ నొక్కాలో నన్నే అడిగింది. చూపించాను.

"అక్కలారా, చెల్లెలారా, గిర్నామెను మాట్లాడుతాన్న. మొన్న మీ ఇండ్లకు వచ్చిన కారం మీ ఒక్కలది గాదు. అందరి కాయ ఒక్కతాన కలిపి పట్టిండ్రు. నేను ఊర్లె లేను గని గిర్ని నాది, తప్పు నాదే. మాఫ్ చెయ్యుండ్రి. మళ్ల కాయ తెచ్చుకోండ్రి, మీ కండ్ల ముందట పట్టి ఇస్త. పైసలు తీసుకోను."

మాటల మధ్యలో ఆమె గొంతు రెండుసార్లు తెగింది. మరిది తల పట్టుకున్నాడు.

గ్రూపులో మొదలైంది. ఒక్కరంటే ఒక్కరు మాకు తెలియలేదు అనలేదు. అందరికీ ఆ రోజే అనుమానం వచ్చిందట. రంగే వేరన్నామెకు రంగు చూడగానే తెలిసిందట. నాలుక మీద పెట్టగానే తెలుస్తుందన్నామెకు, అవును మరి, నాలుక మీద పెట్టగానే తెలిసిందట. మర్యాద కొద్దీ ఊరుకున్నారట. గ్రూపులోంచి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వెళ్ళేముందు మా అక్కను దొంగ అని, మోసం అని తిట్టి వెళ్ళారు. కలిపిన మరిదిని ఎవరూ ఏమీ అనలేదు. వాడు నోరు తెరవలేదు కదా.

మర్నాడు ఒకామె కారు దిగి గిర్నికే వచ్చింది. కొత్త కాయ తేలేదు. లోపలికి కూడా రాలేదు.

"ఎవలెవల ఇండ్ల కాయ మాదాంట్ల కలిసిందో జర పేర్లు చెప్పు" అంది.

"పేర్లెందుకమ్మా?" అంది అక్క.

"ఎందుకేంది? మేం దేవునికి నైవేద్యం పెట్టుకుంటం. ఎవలెవల ఇండ్లయి కలిసినయో తెలువద్దా?"

ఆ కాపలా ఎందుకో నాకు పూర్తిగా అర్థమైంది అప్పుడే. ఇన్నేళ్ళు ముక్కులు మూసుకుని తుమ్మింది మిరపకాయల కోసం కాదు. తన ఇల్లు పక్కింట్లో కలవకుండా చూసుకోవడానికి. ఒక తురకామె చేత్తో పట్టించుకుంటారు, అది ఫరవాలేదు, అది గిర్ని. పక్కదాని పిడికెడే పనికిరాదు. నాకు ఒళ్ళు మండి ఏదో అనబోతే అక్క నా చెయ్యి నొక్కింది.

"పేర్లు చెప్పనమ్మా. వాళ్లకు మీ పేరు గూడ చెప్ప" అంది. ఆ కారు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గిర్ని బోసిపోయింది. ఊరికే పట్టిస్తానన్నా వచ్చినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలోనూ పాత కారం అట్టే పెట్టుకుని కొత్త కాయ ఊరికే పట్టించుకుపోయినవాళ్ళున్నారు. సెల్‌ఫోన్ కవర్లాయన వచ్చి టేపుతో గోడలు కొలుచుకున్నాడు. కొలుస్తూ, మిషన్లు ఎప్పుడు తీస్తారని అక్కనే అడిగాడు. అక్క ఆయనకు మంచినీళ్ళిచ్చింది. తర్వాత వెనక గదిలో తన బట్టలు మూట కట్టడం నేను చూశాను. సర్దుకోవడానికి ఎక్కువేం లేవు.

మా ఊరి ఫోన్లకు ఒక గుణం ఉంది. చెయ్యి ఊరుకోదు. తిట్టడానికైనా పొగడటానికైనా వచ్చింది పక్కవాళ్ళకు పంపాల్సిందే. అక్క గొంతు ఆ గ్రూపు దాటింది. మా గిర్ని గడప తొక్కని గ్రూపుల్లో, పెళ్ళిసంబంధాల గ్రూపుల్లో, కాలనీల గ్రూపుల్లో తిరిగింది. ఇక్కడ దొంగ అయిన మనిషి అక్కడ మహాత్మురాలైంది. "ఈ కాలంలో ఇట్లాంటి మనుషులు కూడా ఉన్నారా" అని చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ చేతులు జోడించినవాళ్ళు సంచులతో వచ్చారు. ముందు తిట్టి పోయినవాళ్ళు కూడా, మాకెప్పటినుంచో తెలిసిన గిర్నే అని చెప్పుకుంటూ వెనకే వచ్చారు. బల్ల మళ్ళీ వేశాం. సెల్‌ఫోన్ కవర్లాయన వేరే మడిగె చూసుకున్నాడు.

అక్క మూట విప్పింది. నేను అల్లాకు మొక్కుకున్నాను. కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది.

మరిది ఆగనిచ్చే మనిషా? గిర్నిని నిలబెట్టింది ఏమిటో వాడికి మా అందరికంటే ముందే తెలిసిపోయింది. మంచి రంగుల ప్యాకెట్లు కొట్టించి, వాటి మీద "మాట తప్పని గిర్ని కారం" అని వేయించాడు. లోపల ఏముంటుందనుకున్నారు? ఎనుమాములలో దొరికిన కాయంతా తెచ్చి పారతో కలిపిన కుప్ప. ఈసారి దానికి దాపరికం కూడా లేదు, బ్లెండు అట. మా ఇంటి కాయలో పిడికెడు కూడా కలవకూడదని కారు దిగి పేర్లడిగినామె ఆ ప్యాకెట్లు సంచి నిండా కొనుక్కుపోయింది. ఆ ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టినవాళ్ళు మరిదిని పిలిచి స్టేజీ ఎక్కించారు. నమ్మకమే నా పెట్టుబడి అన్నాడట. చప్పట్లు కొట్టారట.

అంతటితో పోయినా సరిపోయేది. అక్క పంపిన ఆ గొంతు తీసుకుని, ముందూ వెనకా కత్తిరించి, కింద కొంచెం సంగీతం కలిపి, ట్రాలీ ఆటో మైకులో పెట్టాడు. పాత ఇనుము, ఉల్లిగడ్డల ఆటోల వెనకాల ఇప్పుడు మా అక్క తిరుగుతోంది. "గిర్ని నాది, తప్పు నాదే, మాఫ్ చెయ్యుండ్రి." మళ్ళీ అదే. మళ్ళీ అదే. గొంతు తెగిన చోట వాడు కత్తిరించలేదు. అక్కడే జనం ఆగి చూస్తారట.

"తియ్యిరా అది. నాకు సిగ్గయితాంది" అంది అక్క.

"వదినె, గా గొంతుతోనే గిర్ని నిలవడ్డది. తీసేస్తే మళ్ల మొదటికొస్తది. నీ మంచికే చెప్తాన్న" అన్నాడు. వాడి మొహంలో రవ్వంత కపటం లేదు. అందుకే నాకు ఇంకా కడుపు మండింది. అక్క వెనక గది వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

మొన్న మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత నేను గిర్నిలోనే ఉన్నాను. కొత్తగా పెళ్ళై వచ్చినట్టున్న ఒక పిల్ల జొన్నల డబ్బాతో వచ్చి బల్ల మీద కూర్చుంది. అక్క పిండి పట్టి మిషన్ ఆపి గొట్టం దులుపుతుండగా సందు చివర ఆటో మలుపు తిరిగింది. తప్పు నాదే, మాఫ్ చెయ్యుండ్రి. వీధిలో పిల్లలు గొంతు తెగే చోట అచ్చం అట్లాగే తెంపుతూ వెక్కిరిస్తున్నారు. ఆ పిల్ల చెవి ఒగ్గి విని, అక్క మొహం చూసి నవ్వింది.

"ఆంటీ, గా మైకుల మాట్లాడేది మీరే గద?"

అక్క చెయ్యి గొట్టం మీద ఆగింది.

"గాదు బిడ్డా" అంది. "ఎవలో ఏమో. నా గొంతు గట్లుండది."

ఆ పిల్ల నమ్మింది. డబ్బా మూత పెట్టుకుని వెళ్ళిపోయింది. అక్క నా వైపు చూడలేదు.